ఇరవై ఏడో నంబరు బండి జెండాలు

1923 జులై 14, శనివారం సాయంత్రం 6 గంటల 52 నిమిషాలకు, లిండెన్ గ్రోవ్ పార్కు నుంచి ఊళ్లోకి వస్తున్న ముప్పై ఒకటో నంబరు ట్రాలీ బండి, ఊరి నుంచి పార్కుకు వెళ్తున్న పద్నాలుగో నంబరు బండి ఎదురెదురుగా గుద్దుకున్నాయి. పదకొండు మంది చనిపోయారు. అందరూ ముప్పై ఒకటిలో ఉన్నవాళ్లే. పద్నాలుగో నంబరు బండి నడిపిన మోటార్‌మాన్ ఈవాన్ ప్రోసర్ బతికాడు.

ఆ దారి ఒంటి లైను. మధ్యలో కోల్డ్ స్ప్రింగ్ దగ్గర ఒక్కచోటే, బండ్లు తప్పుకోవడానికి లూప్ లైను ఉంది. ప్రోసర్ అక్కడ ఆగి, ఎదురుగా వచ్చిన ఇరవై ఏడో నంబరు బండికి దారి ఇచ్చాడు. అది దాటగానే తన బండి తీశాడు. ఇరవై ఏడు వెనకాలే ముప్పై ఒకటి వస్తోందని అతనికి తెలియదు. రద్దీ రోజున ఒక బండి వెనక ఇంకొకటి బయలుదేరితే, ముందు బండి ముఖానికి రెండు పక్కలా పచ్చ జెండాలు పెట్టాలి. ఆ లైను మీద పచ్చ జెండా అంటే 'వెళ్లు' అని కాదు, 'నా వెనక ఇంకోటి ఉంది, కదలకు' అని. జెండాలు పెట్టానని ఇరవై ఏడో బండి కండక్టర్ యోసెఫ్ కుబాలా విచారణలో చెప్పాడు. జెండాల సంగతి కండక్టర్‌దేనని, తాను గంట విని బండి తీశానని ఆ బండి మోటార్‌మాన్ చెప్పాడు. జెండాలు లేవని ప్రోసర్ మొదటి రోజు చెప్పాడు. రెండో రోజు, తాను చూడలేదేమో అన్నాడు. ఆ రెండో రోజు మాట మీదే తీర్పు వచ్చింది.

యాభై ఐదేళ్ల తర్వాత, 1978లో, పార్కు ఉన్న చోట స్మారక శిల నిలబెట్టాలని ఊరు నిర్ణయించిన సంగతి, దాని మీద నాలుగో వాక్యం 'మోటార్‌మాన్ ఈవాన్ ప్రోసర్ అజాగ్రత్త వల్ల' అని మొదలవుతున్న సంగతి చదువుతున్నవాళ్లకు తెలుసు. స్మారక కమిటీ అధ్యక్షురాలు కండక్టర్ కుబాలా కూతురు వెరోనికా. ఆ వాక్యం తీసేయమని మూడు నెలలుగా తిరుగుతున్నది ప్రోసర్ కూతురు గ్వెన్. ఇద్దరూ చేతితొడుగుల ఫ్యాక్టరీలో పక్కపక్క మిషన్ల మీద ముప్పై ఒక్క ఏళ్లు కుట్టారు. రుజువు చూపిస్తే వాక్యం మారుస్తామని కమిటీ అంది. శిల చెక్కే డెల్ఫీనో గురువారం ఉదయం ఎనిమిది గంటలకు నాలుగో వాక్యం మొదలుపెడతాడు. మే 17, బుధవారం పొద్దున, పార్కులో పాత మెకానిక్ ఓటో, రంగులరాట్నం షెడ్డు నేల కింది గోతిలోంచి ఒక చెక్క పెట్టెను పైకి లాగాడు. పోయిన వారం కథ అక్కడ ఆగింది.

పెట్టె మూతకు ఆరు మేకులున్నాయి. ఓటో ఇనప కడ్డీ దూర్చాడు.

"ఇందులో బంగారం ఉంటే సగం నాది," అన్నాడు.

"మొత్తం తీసుకో. ముందు మూత తియ్యి," అంది గ్వెన్.

"ఇరవై నాలుగేళ్లు దీని నెత్తిన నిలబడి గుర్రాలు తిప్పానమ్మా. కింద పెట్టె ఉందని తెలియదు. ఇక నేనేం మెకానిక్‌ని చెప్పు."

"మంచి మెకానిక్‌వే. ఎలకలు కూడా నిన్ను మెచ్చుకునేవి."

మూత వచ్చింది. లోపలి వైపు రంగుతో 'రేసుల సామాను' అని రాసి ఉంది. పైన గోనె సంచులు, వాటి కింద చెక్క గరిటెలు డజను, ఈల ఒకటి, రాలిపోతున్న రిబ్బను పువ్వులు. సెయింట్ సిరిల్ చర్చి వాళ్ల పిక్నిక్ కార్యక్రమం అచ్చేసిన కాగితం ఒకటి. తేదీ 1923 జులై 14. అన్నిటికన్నా అడుగున, గుడ్డలో చుట్టిన రెండు జెండాలు.

పచ్చ రంగు మడతల లోపల మాత్రమే మిగిలింది. కర్రల చివర ఇనప తొడుగులున్నాయి. బండి ముఖం మీది కొక్కెంలో కూర్చునే తొడుగులు. ఓటో బొటనవేలితో తుప్పు రుద్దాడు. రెండింటి మీదా 27 అని చెక్కి ఉంది.

"తర్వాత ఎవరైనా తెచ్చి ఇందులో పడేశారేమో," అన్నాడు ఓటో.

"ఆ రోజు తర్వాత ఇరవై ఏడు మళ్లీ ఈ పార్కుకి రాలేదు. విచారణ కోసం డిపోలో పెట్టి, ఆ చలికాలంలోనే విప్పేశారు. ఆ కాగితాలు నా దగ్గరున్నాయి."

"అయితే బండి వెళ్లేటప్పటికి ఇవి ఇక్కడే ఉన్నాయన్నమాట."

గ్వెన్ జెండాలు చేతిలోకి తీసుకుంది. ఒక జెండా మూలన చిరుగు ఉంది. దాని మీద తెల్లదారంతో మాసిక వేశారు. నాలుగు పలకల మాసిక, ఒక పక్క కుట్టు వంకర. ఆమె దాన్ని వెలుతురుకి పట్టుకుంది.

"ఏమ్మా, కూర్చుంటావా? ముఖం అదోలా ఉంది."

"ఈ మాసిక నేను చూశాను ఓటో. వెరోనికా వంటింట్లో."

ఆమె జెండాలు పాత పేపర్లో చుట్టుకుని బయటికి నడిచింది. కారు దాకా ఆమె నడిచిన దారి ఒకప్పుడు పార్కు నడిబాట. ఆదివారాలు బండ్లు ఖాళీగా తిరుగుతున్నాయని, జనానికి ఎక్కడికో వెళ్లే పని కల్పించాలని, ట్రాలీ కంపెనీ 1904లో లైను చివర ఈ పార్కు కట్టింది. లోపలికి రావడానికి టిక్కెట్టు లేదు, బండికి టిక్కెట్టు కొంటే చాలు. దీపాలూ రాట్నమూ బండ్లు నడిచే కరెంటుతోనే నడిచేవి. బండ్లు 1938లో ఆగాయి. డాన్సు హాలు 1949లో కాలిపోయింది. 1958లో గేటు మూశారు. ఈత కొలనును మట్టితో నింపారు. కొండ రైలు కాళ్లు పాతిన సిమెంటు దిమ్మలు పదహారు మిగిలాయి. ట్రాలీ బండ్లు వెనక్కి మళ్లిన చోట గడ్డి ఇప్పటికీ గుండ్రంగానే మొలుస్తుంది.

రెండుంపావుకి ఆమె వెరోనికా వంటింటి తలుపు తోసింది.

వెరోనికా పిండి పలచగా ఒత్తి, మీద గసగసాల ముద్ద పరుస్తోంది. ఆదివారం శిల ఆవిష్కరణకు వచ్చేవాళ్ల కోసం పన్నెండు రొట్టెలు చేస్తానని ఒప్పుకుంది. ఏడు అయ్యాయి.

"బూట్లు అక్కడే విడువు, ఇప్పుడే తుడిచా," అంది. "ఏంటే ఆ పొట్లం, చేపలా?"

"విప్పు."

"చేతులు పిండిలో ఉన్నాయి. నువ్వే విప్పు."

గ్వెన్ బల్ల మీద పేపరు విప్పింది. వెరోనికా చూసింది. పొయ్యి ఆపింది. పంపు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. పిండి అంతా పోయాక కూడా కడుక్కుంటూనే ఉంది.

"ఎక్కడ దొరికాయి?" అంది, ఇటు తిరగకుండా.

"అవేంటని అడగవా?"

వెరోనికా పంపు కట్టేసింది.

బల్లకు ఎదురుగా గోడ మీద ఒక ఫోటో ఉంది. పెళ్లైన ఆడవాళ్ల పరుగుపందెంలో వెరోనికా తల్లి ముందుగా వచ్చి రిబ్బను తెంపుతున్న ఫోటో. అదే పిక్నిక్, అదే రోజు, ఉదయం పదకొండు గంటలకు తీసింది. బహుమతిగా వచ్చిన ఎనామెల్ గిన్నె ఇంకా ఆ ఇంటి పొయ్యి మీదే ఉంది. రిబ్బనుకు అటొకటి, ఇటొకటి జెండాలు పాతి ఉన్నాయి. ఫోటోలో అవి బూడిద రంగు. గ్వెన్ ఫోటో మేకు మీంచి తీసి జెండా పక్కన పెట్టింది. ఎడమ జెండా మూలన నాలుగు పలకల మాసిక. ఒక పక్క కుట్టు వంకర.

"ఈ ఫోటో కింద నేను ఎన్నిసార్లు భోంచేశానే?"

"ఎవరు లెక్కపెట్టారు."

"మీ అమ్మ ఎంత బాగా పరిగెత్తిందో అని కూడా అన్నాను."

"ప్రతి ఈస్టర్‌కీ అనేదానివి. ఆ మాట వచ్చేసరికి నేను లేచి కాఫీ పెట్టేదాన్ని."

"కుట్టుపని చేసే మనిషిని, ముప్పై ఏళ్లు ఒక మాసిక చూసి ఎవరిదని అడగలేదు. బుద్ధి ఎక్కడ పెట్టుకున్నానో." గ్వెన్ ఇంకా నిలబడే ఉంది. "పొద్దున రేసులకి జెండాలు లేకపోతే మీ నాన్న బండివి ఇచ్చాడు. మీ చర్చి పిక్నిక్ కాబట్టి ఇచ్చాడు. సాయంత్రం తీసుకోవడం మర్చిపోయాడు. విచారణలో పెట్టానని చెప్పాడు. అంతేనా?"

"అంతే. నాలుగో వాక్యంలో మా నాన్న పేరు వేయించు. కాగితం మీద సంతకం పెడతా. ఇప్పుడే పెడతా."

"అంతేనా అని అడిగా, వెరా."

వెరోనికా కుర్చీ లాక్కుని కూర్చుంది. గసగసాల ముద్ద మీద తడిగుడ్డ కప్పింది.

"అంతే కాదు," అంది.

ఆమె చెప్పినది ఇది. సాయంత్రం ఆరుంపావుకి డిపో నుంచి ఫోను వచ్చింది, రెండు బండ్లూ వెంటవెంటనే పంపమని. కుబాలా మర్చిపోలేదు. మైదానంలో ఉన్న జెండాలు తెమ్మని కూతుర్ని పంపాడు. అప్పుడు వెరోనికాకు తొమ్మిదేళ్లు. తెమ్మన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు. ఆమె జెండాలు పీకి, తిరిగి వస్తూ రంగులరాట్నం దగ్గర ఆగింది. చేతిలో ఒక టిక్కెట్టు మిగిలి ఉంది.

"ఒక్క తిప్పే అనుకున్నా. మూడు నిమిషాలు. జెండాలు పట్టుకోమని రింగులవాడికి ఇచ్చా. నీకు తెలుసుగా, గుర్రం మీంచి వంగి, ఆ కర్ర చేతిలోంచి రింగు లాగాలి. అన్నీ ఇనపవి, ఒక్కటే ఇత్తడిది. ఇత్తడిది వస్తే ఇంకో తిప్పు ఊరికే. ఆ వేసవి అంతా లాగినా నాకు ఒక్కసారీ రాలేదు."

"ఆ రోజు వచ్చింది."

"వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. రెండో తిప్పులో దూరంగా మా నాన్న కనిపించాడు, బండి మెట్టు మీద నిలబడి నాకోసం చూస్తున్నాడు. నేను చెయ్యి ఊపా. చూశాడో లేదో. దిగేసరికి బండి లేదు. జెండాల కోసం చూస్తే రింగులవాడు మారిపోయాడు. కొత్తవాడు, రేసుల సామాను కట్టేశారు పో అన్నాడు. మా అమ్మా నేనూ ముప్పై ఒకటిలో వెళ్లాలి. నన్ను వెతుక్కుంటూ అమ్మ అదీ వదిలేసింది. రాట్నం దగ్గరే నాలుగు తగిలించింది. ఆ దెబ్బల వల్ల బతికామని తర్వాత అనేది, నవ్వుతూ."

"మీ నాన్న జెండాలు లేకుండా బండి ఎందుకు కదిలించాడు?"

"ఆరు నిమిషాలు ఆలస్యం. వెనక ముప్పై ఒకటి గంట కొడుతోంది. కోల్డ్ స్ప్రింగ్ దగ్గర మీ నాన్నకు అరిచి చెబుదామనుకున్నాడు. అరిచాడట. బండి నిండా జనం, పైగా బ్యాండు వాళ్లు వాయిస్తున్నారు. చెయ్యి ఊపాడట."

"మా నాన్న తిరిగి ఊపాడు," అంది గ్వెన్. "ఆ సంగతి చెప్పేవాడు. కుబాలా పలకరించాడు, నేనూ పలకరించాను అని."

వీధిలో ఒక కారు వెళ్లింది. వెరోనికా బల్ల మీది పిండిని అరచేత్తో ఒకచోటికి తోసింది.

"జెండాలు లేవని ఒప్పుకుంటే, ఎందుకు లేవని అడుగుతారు. అప్పుడు నా పేరు రావాలి. నా పేరు రాకూడదని ఆయన అబద్ధం చెప్పాడు. నాతో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టనూ లేదు. తిట్టి ఉంటే బాగుండేది."

"నీకు తొమ్మిదేళ్లే వెరా. తొమ్మిదేళ్ల పిల్ల మీద నాకు కోపం ఏముంటుంది."

"తొమ్మిదేళ్లప్పటిది కాదు నేను చెప్పాల్సింది." వెరోనికా తల ఎత్తింది. "1928లో మీ నాన్న మా ఇంటికి వచ్చాడు. అక్టోబరులో."

"మా నాన్నా? మీ ఇంటికా?"

"మా నాన్న డ్యూటీలో ఉన్నాడు. అది చూసుకునే వచ్చినట్టున్నాడు. టోపీ తీసి చేతిలో పట్టుకుని మెట్ల కింద నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు. 'అమ్మాయ్, ఆ రోజు పార్కులో నువ్వు ఉన్నావట. మీ నాన్న బండికి జెండాలు ఉన్నాయా? ఉన్నా లేకపోయినా నేను ఎవరి దగ్గరికీ వెళ్లను. నా కళ్లు చూడలేదా, అసలు అవి లేవా, అది నాకు తెలియాలి, అంతే' అన్నాడు."

గ్వెన్ కుర్చీ వీపు పట్టుకుంది.

"నువ్వేమన్నావు?"

"ఉన్నాయన్నా. రెండు పక్కలా ఉన్నాయి, నేను చూశానన్నా. అప్పుడు నాకు పద్నాలుగు. ఏం అడుగుతున్నాడో తెలుసు, ఏం చెబుతున్నానో తెలుసు. 'మంచిదమ్మా' అన్నాడు. వెళ్తూ వెళ్తూ, మీ రెండో మెట్టు ఊగుతోంది, మేకు కొట్టించుకోండి అని చెప్పి వెళ్లాడు."

గ్వెన్ కూర్చుంది.

"అంతకుముందు ప్రతి ఆదివారం కోల్డ్ స్ప్రింగ్ దాకా నడిచి వెళ్లి, లూప్ లైను పక్కన నిలబడి వచ్చేవాడు. ఆ అక్టోబరులో మానేశాడు. మనసు కుదుటపడిందని అమ్మా నేనూ సంతోషించాం. ఆ చలికాలం పదకొండు ఇళ్లకూ వెళ్లాడు వెరా. చనిపోయిన వాళ్ల ఇళ్లకి, క్షమించమని అడగడానికి. రెండిళ్లకి నేనూ వెంట వెళ్లాను. నాలుగిళ్లు తలుపు తీయలేదు. మొదట వెళ్లింది మిల్ వీధిలో హాలరన్ వాళ్లింటికి. వాళ్లు కిటికీలోంచి చూసి తెర వేసేశారు. మంచులో ఇరవై నిమిషాలు నిలబడ్డాం. ఇప్పుడెందుకు నాన్నా అంటే, 'ఇప్పుడు రూఢి అయింది' అన్నాడు. ఎవరు రూఢి చేశారో చెప్పలేదు."

వెరోనికా తడిగుడ్డ అంచు మడిచింది.

"మూడేళ్లకి పోయాడు. తనే చంపాననుకుని పోయాడు."

"తెలుసు."

"ఫ్యాక్టరీలో నా పక్క మిషను నీకు వాళ్లే ఇచ్చారా, నువ్వు అడిగావా?"

"అడిగా. ఫోర్‌మాన్ చుట్టూ నెల తిరిగా."

"నాకు జ్వరం వచ్చినప్పుడు నా వంతు తొడుగుల డజన్లు కూడా నువ్వు కుట్టి పెట్టింది, మా అమ్మ పోయినప్పుడు పది రోజులు మా ఇంట్లో ఉన్నది, అన్నీ దానికోసమేనా?"

"మొదట్లో దానికోసమే. తర్వాత నీకోసం. ఎక్కడ మారిందో నాకు తెలియదు గ్వెన్."

"నాలుగో వాక్యం ఓటుకి పెట్టినప్పుడు చెయ్యి ఎత్తావా?"

"ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు. చెయ్యి బల్ల మీద పెట్టుకుని కూర్చున్నా."

గ్వెన్ లేచింది. ఫోటోను మళ్లీ మేకుకు తగిలించింది, వంకర లేకుండా సరిచేసింది. మాసిక ఉన్న జెండాను పేపర్లో చుట్టుకుంది. రెండోది బల్ల మీదే వదిలింది.

"ఆ వాక్యం ఏం చెయ్యమంటావు?" అంది వెరోనికా. "నువ్వు చెప్పినట్టు రాస్తా."

"నన్ను అడక్కు. ఇన్నేళ్లలో ఇదొక్కటి నువ్వు చెయ్యి."

రొట్టె తీసుకెళ్లమని వెరోనికా అనబోయి ఆగింది. గ్వెన్ బూట్లు తొడుక్కుంది. లేసులు కట్టుకోవడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పట్టింది. మూడుంపావుకి ఆమె కారు వీధి మలుపు తిరిగింది.

గురువారం ఉదయం 7:50కి డెల్ఫీనో షెడ్డు తెరిచాడు. తలుపు కింద కవరు ఉంది. లోపల కమిటీ కాగితం, వెరోనికా సంతకం, ముందురోజు తేదీ. నాలుగో వాక్యం రద్దు చేసి, దాని స్థానంలో చెక్కవలసినది కింద రాసి ఉంది: 'జెండాలు బండికి చేరలేదు. చేర్చవలసినది వెరోనికా కుబాలా, వయసు తొమ్మిది.'

అతను వెరోనికాకు ఫోను చేశాడు. ఎవరూ ఎత్తలేదు. 8:05కి గ్వెన్‌కు చేసి, కాగితం చదివాడు.

"ఇంకోసారి చదవండి," అంది గ్వెన్.

అతను చదివాడు.

"కమిటీ కాగితమేనమ్మా, సంతకం ఆవిడదే. మొదలుపెట్టమంటారా? రాయి మీద ఒకసారి పడితే చెరపలేను."

"నేను వస్తున్నాను. అప్పటిదాకా ఉలి పట్టకండి."

డెల్ఫీనో షెడ్డుకు దారి మిల్ వీధి మీదుగా. 8:25కి గ్వెన్ ఆ వీధిలోకి తిరిగింది. హాలరన్ వాళ్ల ఇంటి ముందు వెరోనికా కారు ఆగి ఉంది. గ్వెన్ వీధికి ఇవతల పక్కన తన కారు ఆపింది. దిగలేదు.

వెరోనికా మెట్ల మీద నిలబడి ఉంది. ఒక చేతిలో గుడ్డ కప్పిన రొట్టె. ఇంకో చేతిలో పచ్చ జెండా. కిటికీ తెర ఒకసారి కదిలి, మళ్లీ పడింది. ఆమె అక్కడే నిలబడింది.

8:31కి హాలరన్ వాళ్ల తలుపు తెరుచుకుంది.